‘వచ్చినాడు’ను ‘వచ్చాడు’ చేస్తే చెక్క దెబ్బ ఖాళీ పోతుంది

జానపదం అంటే ఇష్టం అని చెప్పేవాళ్ళు ఇప్పుడు తక్కువేమీ లేరు. పెళ్ళిలో పాడిస్తారు, బడి వార్షికోత్సవంలో ఆడిస్తారు, తెలుగు సంఘం పండగ అంటే కోలాటం లేకుండా జరగదు. సంతోషమే. అయితే ఆ ఇష్టంలో ఒక చిక్కు ఉండాది. పాట నచ్చుతుంది గానీ పాటలోని యాస నచ్చదు. బాణీ ఉంచుకుంటారు, మాటను దిద్దుతారు. ‘పల్లెటూరి తప్పులు సరిచేసి పాడినాము’ అని వేదిక మీద గర్వంగా చెప్పినవాళ్ళను నేను విన్నాను. మా పక్క పాటలను అచ్చువేసిన ఒక చిన్న పుస్తకంలోనూ అదే పని జరిగింది. ఆ దిద్దుబాటు పాటను ఏం చేస్తుందో ఇక్కడ లెక్కవేసి చూపిస్తాను. నా యాస మీద నాకు ప్రేమ ఉండాదని నేనే దాచను. కానీ ఇది ప్రేమ కొద్దీ చేసే వాదన కాదు, తాళం లెక్క.

మాది హొసూరు పక్క. హొసూరు, డెంకణికోట, కృష్ణగిరి తమిళనాడులో. మాలూరు, కోలారు, ముళబాగిలు, చింతామణి, బాగేపల్లి కర్ణాటకలో. కుప్పం, పలమనేరు ఆంధ్రలో. గీతలు మూడు రాష్ట్రాలవి, నేల ఒకటే. మొరసునాడు. ఇక్కడి తెలుగు పాటకు రెండు పెద్ద ఆసరాలు ఉండాయి. ఒకటి చెక్కభజన, రెండోది తత్వం. చెక్కభజనలో ఆడేవాళ్ళ చేతుల్లో గజ్జెబిళ్ళలు దిగేసిన చెక్కలు ఉంటాయి. నడుమ నిలబడిన గురువు పాట ఎత్తుకుంటాడు, చుట్టూ ఉన్నవాళ్ళు అందుకుంటారు. నిదానంగా మొదలయి, అడుగు మారే కొద్దీ కాలం పెరుగుతుంది. చివరికి పాట పరుగు మీద ఉంటుంది. ఆ పరుగులో కూడా మాట చెదరదు. ఎందుకు చెదరదు అనేదే నా ప్రశ్న.

పాటల చరణాలు ఇక్కడ రాయను, ఒక్క మాట చాలు. వచ్చినాడు.

బడిలో ఛందస్సు చదివినవాళ్ళకు తెలిసిందే. పొట్టి అక్షరానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు. జంట అక్షరానికి ముందున్నది కూడా రెండే. ఆ లెక్కన ‘వచ్చి’కి మూడు మాత్రలు, ‘నాడు’కి మూడు. మూడు మూళ్ళ నడకలో (సంగీతం వాళ్ళు తిశ్రగతి అంటారు) ఈ ఒక్క మాట రెండు అడుగులుగా సరిగ్గా కూర్చుంటుంది. మొదటి చెక్క దెబ్బ ‘వ’ మీద, రెండో దెబ్బ ‘నా’ మీద. పోయినాడు, చేసినాడు, తెచ్చినాది. అన్నీ అంతే, మూడు, మూడు. మా నోట క్రియ బయటికి వస్తేనే సగం తాళం వచ్చేసినట్టు.

ఇప్పుడు దిద్దండి. వచ్చాడు. రెండు, రెండు, ఒకటి. అయిదు మాత్రలు. పోయాడు అయిదు, చేశాడు అయిదు, తెచ్చింది అయిదు. ఆరు పట్టే చోట అయిదే ఉన్నాయి. పాడే మనిషి ఏం చేయాల? ‘చ్చా’ను ఇంకో మాత్ర సాగదీయాల. అప్పుడు రెండో చెక్క దెబ్బ పడే వేళకు నోట్లో కొత్త అక్షరం ఉండదు, పాత అక్షరం సాగుతా ఉంటుంది. దెబ్బ ఖాళీ మీద పడుతుంది. నిదాన కాలంలో అది పెద్దగా తెలియదు. కాలం పెరిగినాక చూడండి, ఆడేవాళ్ళ అడుగు తడబడుతుంది. వాళ్ళకు పాట రాకపోలేదు. అడుగు పెట్టడానికి అక్షరం లేదు, అంతే.

ఇంకో జత చూడండి. ‘పోతా ఉండాడు’ తొమ్మిది మాత్రలు. దాన్ని ‘పోతున్నాడు’ చేస్తే ఏడు. రెండు మాత్రలు ఎగిరిపోయినాయి. ఆ గుంత పూడ్చడానికి వేదిక మీది పాటలో ‘ఓరయ్యో’లు, ‘అరెరే’లు తెచ్చి పోస్తారు. వినేవాళ్ళు అదే పల్లె సొగసు అనుకుంటారు. పల్లె పాటలో ఊతపదాలు ఉంటాయి, కాదనను. కానీ వాటికి ఒక చోటు, ఒక పని ఉంటాయి. ఊపిరి తీసుకునే చోట వస్తాయి, అడుగు మారే చోట వస్తాయి. గుంతలు పూడ్చే మన్ను కాదు అవి.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, బలమైనదే. జానపదుడు మాత్రలు లెక్కపెట్టి పాడడు, ఎక్కడ కావాలంటే అక్కడ సాగదీస్తాడు, ఎక్కువయితే మింగేస్తాడు, ఛందస్సు లెక్క పల్లె పాటకు పనికిరాదు అంటారు. నిజమే, సాగదీస్తాడు. తత్వం పాడేటప్పుడు అయితే మరీ. కానీ ఎక్కడ సాగదీస్తాడు, ఎక్కడ మింగుతాడు అనేదే కదా ఒక సీమ పద్ధతికీ ఇంకో సీమ పద్ధతికీ తేడా? ఆ చోట్లు ఊరికే రావు. నోటి అలవాటులో నుంచి వస్తాయి. మాట మారిస్తే సాగే చోటు మారుతుంది, సాగే చోటు మారితే బాణీ మారుతుంది. రాగం అదే అని హార్మోనియం చెప్తుంది. అదే కాదని చెక్కలు చెప్తాయి.

మాట చరిత్ర తెలిస్తే ఈ దిద్దుబాటు ఎంత తలకిందులయిందో అర్థమవుతుంది. ‘వచ్చినాడు’ పల్లెటూరి తప్పు కాదు. అది పాత రూపం. నడిమి కోస్తాలో అది కుదించుకుని ‘వచ్చాడు’ అయింది. ఆ నడిమి మాటే పత్రికల మాట, రేడియో మాట, సినిమా మాట అయింది. కుదించుకోనిది అంచుల్లో నిలిచింది. దక్షిణాన రాయలసీమలోనూ, దాన్ని ఆనుకున్న మా మొరసునాడులోనూ ‘వచ్చినాడు’ ఉంది. ఈశాన్యాన శ్రీకాకుళం దిక్కు ‘ఎల్లినాడు’ ఉంది. రెండు కొసల నడుమ వందల మైళ్ళు. రాకపోకలు లేవు. అయినా రూపం ఒకటే. భద్రిరాజు కృష్ణమూర్తి గారు తెలుగు మాండలికాలను నాలుగు మండలాలుగా విడదీసి చూపినారు. వ్యవసాయ పదాల కోశం 1962లోనే వచ్చింది. అయితే ఆ సేకరణ రాష్ట్రం లోపలి జిల్లాల్లో జరిగింది. గీత అవతల ఉండిపోయిన మనం ఆ పటంలో లేము. మన సాక్ష్యం ఎక్కడ ఉండాది అంటే పాటల్లో ఉండాది. ఆ పాటలనే దిద్దితే సాక్షి నోరు మనమే మూసినట్టు.

ఈ లెక్క అన్ని చోట్లా ఒకే తీరుగా పనిచేయదు, అదీ చెప్పాల. లేకపోతే నేను కూడా అన్ని సీమలనూ ఒకే మూకుడు కింద పెట్టినవాణ్ణి అవుతాను.

కళింగం దిక్కు తీసుకోండి. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో ఉన్న తెలుగువాళ్ళకు ఉత్తరాంధ్రతో పాటలో పొత్తు ఉంది. ఆ సీమ తీరు తెలుసుకోవాలంటే జముకుల కథ వినాల. జముకు ఒక చిత్రమైన వాద్యం. గుండ్రటి డొల్లకు ఒక పక్క తోలు, తోలు నడుమ నుంచి నరం. నరాన్ని బిగిస్తా వదులుతా మీటితే దెబ్బతో పాటు స్వరమూ వంగుతుంది. తాళమూ శ్రుతీ ఒకే చేతిలో ఉన్నట్టు. ఇదే కుదురు వాద్యం తెలంగాణలో, సీమలో ఎల్లమ్మ కథ చెప్పే బైండ్లవాళ్ళ దగ్గర జమిడిక. చెక్క దెబ్బ టక్కున తెగుతుంది, జముకు మోత తెగదు. కాబట్టి అక్కడి పాటలో మాట చివర గాలిలో ఊగుతుంది, వంతపాట దాన్ని పట్టుకుంటుంది. మా పక్క ‘ఆరు మాత్రలు’ అడుగు కోసం పనికివస్తే, అక్కడ అదే ఆరు మాత్రలు ఊగడానికి పనికివస్తాయి. రూపం ఒకటే, వాడుక వేరు. ఈ తేడా వినబడిన రోజున జానపదం వినడం మొదలయినట్టు.

యానాం సంగతి ఇంకో తీరు. పుదుచ్చేరి కింద ఉన్నా, చుట్టూ గోదావరి సీమ. అక్కడి నోట ‘వచ్చేడు’ వినబడుతుంది. రెండు, రెండు, ఒకటి. అయిదే. దాన్ని ‘వచ్చాడు’ చేస్తే మాత్ర తగ్గదు, తాళం చెడదు. మరి దిద్దితే తప్పేమి అంటే, నా లెక్క ప్రకారం తాళానికి తప్పు లేదు. అచ్చు ఒకటి మారింది, అంతే. ‘ఏ’ నోరు సగం తెరిచి పాడేది, ‘ఆ’ పూర్తిగా తెరిచి పాడేది. పడవ మీద దూరానికి పిలిచే పాటకూ, ఊయల దగ్గర పాడే జోలకూ ఆ తేడా చిన్నది కాదు. అయినా అక్కడ నష్టం మాకయినంత లేదు అని ఒప్పుకోవాల.

షోలాపూరు పద్మశాలీల ఇళ్ళల్లో బతుకమ్మ పాట ఉంది. మగ్గం పని వెంట తెలంగాణ నుంచి పోయినవాళ్ళు. ముంబై, భివండిలో కూడా ఉన్నారు. వాళ్ళ ‘వచ్చిండు’ కూడా అయిదు మాత్రలే. బతుకమ్మలో నిండుదనం క్రియతో రాదు, పాదం చివర తిరిగి తిరిగి వచ్చే పల్లవిమాటతో వస్తుంది. ఆడవాళ్ళు చప్పట్లు చరుస్తా గుండ్రంగా తిరుగుతా, అందరూ కలిసే మాట అదే. క్రియ పొట్టిగా ఉంటే పల్లవిమాటకు చోటు దొరుకుతుంది. అక్కడ ‘వచ్చిండు’ను ‘వచ్చాడు’ చేస్తే లెక్క తప్పదు గానీ రంగు పోతుంది. ‘ండు’ దగ్గర గొంతు ముక్కులోకి పోయి మోగే మోత ఉండాదే, అది తెలంగాణ పాటకు ఆనవాలు. ఆ మోత తీసేస్తే పాట ఏ ఊరిదో చెప్పలేము.

అంటే దిద్దుబాటు ఒక్కో చోట ఒక్కోటి తీసుకుంటుంది. మా దగ్గర నడక, షోలాపూరులో మోత, యానాంలో అచ్చు తెరుపు.

ఇంతవరకూ పాడేవాళ్ళ సంగతి, అచ్చువేసేవాళ్ళ సంగతి. గీత అవతలి తెలుగువాళ్ళకు ఇంకో దిద్దుబాటు ఉంది. దాన్ని ఎవరూ కావాలని చేయరు. లిపి చేస్తుంది. తమిళనాడులో 2006 చట్టం వచ్చినాక తమిళం తప్పనిసరి అయింది. మా పిల్లల్లో చాలామందికి ఇంట్లో తెలుగు, చేతిలో తమిళ అక్షరం. పాట రాసుకోవాలంటే తమిళంలో రాసుకుంటారు. ఒడిశాలో ఒడియా అక్షరాల్లో, మహారాష్ట్రలో నాగరిలో రాసుకుంటారు. రాసుకోవడం మంచిదే. అసలు రాయకపోవడం కంటే నూరు పాళ్ళు మేలు. అయితే ఏ లిపి ఏం మింగుతుందో తెలిసి రాయాల.

తమిళ లిపిలో ‘గుడి’, ‘కుడి’ ఒకటే. ‘గాలి’, ‘కాలి’ ఒకటే. హల్లు మసకబారుతుంది. అయితే ఎ-ఏ, ఒ-ఓ తేడా తమిళానికి ఉంది కాబట్టి మాట పొడుగు చాలావరకు నిలుస్తుంది. ఒత్తులు లేవని బాధ పడనక్కరలేదు, మా పల్లె నోట అవి ఎటూ లేవు. ఒక్క చోట మాత్రం జాగ్రత్త. ‘అటు’ అని రాయాలంటే ఒంటి ‘ట’ రాస్తే ‘అడు’ అని చదువుతారు. అందుకని జంట రాస్తారు, ‘అట్టు’ అవుతుంది. రెండు మాత్రల మాట మూడు మాత్రలయి కూర్చుంటుంది. కాగితం చూసి పాడే పిల్లకు ఆ మూడో మాత్ర ఎక్కడిదో తెలియదు.

ఒడియా, నాగరి లిపుల్లో కథ తిరగబడుతుంది. క-గ, ట-డ అన్నీ చక్కగా ఉంటాయి. షోలాపూరువాళ్ళకయితే ఇంకో లాభం, మరాఠీ ‘చ’కు మన ‘చుక్క’లో పలికే దంత్య ‘చ’ ఉచ్చారణ కూడా ఉంది. కానీ పొట్టి ‘ఎ’, పొట్టి ‘ఒ’ లేవు. ‘మెడ’, ‘మేడ’ ఒకటే అవుతాయి. ‘దొర’, ‘దోర’ ఒకటే అవుతాయి. అంటే తమిళ లిపి హల్లును మింగి నడకను చాలావరకు ఉంచితే, ఆ లిపులు హల్లును ఉంచి నడకను మింగుతాయి. దొరను దోరగా పాడితే ఒక మాత్ర పెరిగినట్టే.

కన్నడ లిపి ఒక్కటే దేన్నీ మింగదు. దానికి మంచి సాక్ష్యం కైవారం. చింతామణి తాలూకాలోని ఆ ఊరి యోగి నారేయణ, మేము కైవారం తాతయ్య అంటాము, 1726లో పుట్టి 110 ఏళ్ళు బతికినారని చెప్పుకుంటారు. ఆయన తత్వాలు తెలుగులో ఉన్నాయి, కన్నడంలోనూ ఉన్నాయి. తెలుగు తత్వాలను కన్నడ లిపిలో అచ్చువేసుకుని, తెలుగు అక్షరం ఒక్కటి కూడా రానివాళ్ళు భజన మేళాల్లో పాడతారు. వాళ్ళ నోట తెలుగు చెడలేదు. కోలారు సీమ కేళికెల్లో, అంటే మా పక్క వీధి యక్షగానాల్లో, తెలుగు పాటలు కన్నడ అక్షరాల్లో రాసుకున్న ప్రతులతోనే ఆట నడిచింది. తెలుగు లిపి రాకపోతే తెలుగు పాట పోయినట్టే అని నిట్టూర్చేవాళ్ళు ఒకసారి ఆ మేళాల దగ్గర కూర్చుని వినాల. లిపి పోయిన చోట పాట బతికింది. తెలుగు లిపి చక్కగా వచ్చినవాళ్ళు అచ్చువేసిన పుస్తకంలో మాత్రం ‘వచ్చినాడు’ చచ్చింది.

వేదిక పాట మొత్తం చెడ్డది అని నేను అనడం లేదు. వింజమూరి అనసూయ, సీత అక్కచెల్లెళ్ళు జానపదాన్ని రేడియోకూ సభకూ తీసుకుపోకపోయి ఉంటే, పట్నంలో చదువుకున్నవాళ్ళు ఆ పాటలకు చెవి ఇచ్చేవాళ్ళు కాదు. బిరుదురాజు రామరాజు గారి జానపద గేయ సాహిత్య పరిశోధన 1958లో పుస్తకంగా రాకపోయి ఉంటే విశ్వవిద్యాలయాలు ఆ పాటలను చదువుగా చూసేవి కావు. ఆ మేలు మరిచిపోకూడదు. నా ఫిర్యాదు ఆ తర్వాత వచ్చిన అలవాటు మీద. ఒక పద్ధతి బాగుందని అన్ని పాటలకూ అదే పద్ధతి, ఒక డప్పు ముక్క బాగుందని అన్ని సీమలకూ అదే ముక్క. చెక్కభజన పాటకూ జముకుల పాటకూ కీబోర్డులో ఒకే మీట నొక్కి వాయిస్తే, వినేవాడికి ‘జానపదం’ అని ఒక ముద్ద మిగులుతుంది. సీమలు మిగలవు.

కోవిల్‌పట్టి దిక్కు రాజకంబళం నాయకర్లను చూసినప్పుడు నాకు ఒక సంగతి తట్టింది. వాళ్ళ దేవరాట్టానికి పాట అక్కరలేదు. ఉరుమి వాద్యమే అన్నీ. దాన్ని దేవదుందుభి అంటారు. ఒక పక్క తోలును వంకర పుల్లతో రాస్తే గుర్రుమని మూలుగుతుంది, రెండో పక్క దెబ్బ పలుకుతుంది. అడుగులన్నీ దాని మాటే వింటాయి. మాట లేదు కాబట్టి దిద్దడానికి ఎవరికీ ఏమీ దొరకలేదు! ఆ సీమ మనిషే, ఇంట్లో తెలుగు మాట్లాడిన ఇడైసేవల్ కి. రాజనారాయణన్, తమిళంలో రాసినా కరిసల్ నేల యాసను దిద్దకుండా రాసినారు. ఆ యాసకు నిఘంటువే చేసి పెట్టినారు. పక్క భాష యాసకు మన ఇంటి మనిషి చేసిన మర్యాద అది. మన సొంత పాటకు మనం ఆ మర్యాద చేయలేమా?

చేయడం కష్టం కాదు. పాట రాసుకునేటప్పుడు నోట వచ్చింది వచ్చినట్టే రాయండి. ‘ఉండాది’ అంటే ఉండాది అనే రాయండి. ఏ లిపిలో రాసినా సరే, ఆ లిపి మింగే అక్షరం దగ్గర ఒక గుర్తు పెట్టండి. తమిళంలో రాసేవాళ్ళు ‘గ’, ‘డ’, ‘బ’ల కింద ఒక గీత గీయండి. నాగరిలో, ఒడియాలో రాసేవాళ్ళు పొట్టి ‘ఎ’, ‘ఒ’ల మీద ఒక చుక్క పెట్టండి. పక్కన చేతి దెబ్బ ఎక్కడ పడిందో చూపండి. పాడిన ఊరు, పాడిన పని, వెంట మోగిన వాద్యం, ఈ మూడూ రాయండి. ఫోన్లో పట్టినప్పుడు గొంతునే కాదు, చెక్కలను, చప్పట్లను, అడుగులను కూడా పట్టండి.

పాట మారకూడదని కాదు నేను చెప్పేది. పల్లె పాట ఎప్పుడూ మారతానే ఉంటుంది. మా అవ్వ పాడినట్టు మా అమ్మ పాడదు. కానీ మా అమ్మ మాట మార్చినప్పుడు ఆరు మాత్రల చోట ఇంకో ఆరు మాత్రల మాటే పెడుతుంది. లెక్క తెలిసి కాదు, చెయ్యి తాళం వేస్తా ఉండాది కాబట్టి. అచ్చులో దిద్దేవాళ్ళు చేతిలో కలంతో దిద్దుతారు. నేను అడిగేది ఒక్కటే. కలం కింద పెట్టి, ఆ చేతికి ఒక జత చెక్కలు ఇచ్చి, అప్పుడు దిద్దమనండి. చెక్కలు ఒప్పుకుంటే నేనూ ఒప్పుకుంటాను.